శిల్పం కింద మాట

మ్యూజియాల గురించి, తవ్వకాల చోట్ల పెట్టే పోస్టర్ల గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. మన జనం బోర్డులు చదవరనీ, బొమ్మ చూసి, ఫొటో దిగి, వెళ్లిపోతారనీ. ఈ ఫిర్యాదును చరిత్ర ఒప్పుకోదు. బొమ్మ పక్కన చిన్న వాక్యం రాసి, అది ఏ కథో, అందులో ఉన్నది ఎవరో చూసేవాళ్లకు చెప్పే ఆచారం ఈ దేశంలో రెండు వేల ఏళ్లకు పైగా ఉంది. వస్తువుకు నంబరు వేసి, కొలతలు రాసి, జాబితాలో చేర్చే పద్ధతి మన దగ్గర వేళ్లూనింది 19వ శతాబ్దంలోనే. ఇవాళ మనం పెడుతున్న బోర్డుల్లో చాలా భాగం ఈ రెండో వంశానికి చెందినవి. అవి చూడవచ్చినవాళ్ల కోసం రాసినవి కావు, వస్తువును భద్రపరిచే వాళ్ల అవసరం కోసం రాసినవి. వాటిని జనం చదవకపోవడంలో వింతేమీ లేదు. మన పురావస్తు ప్రదర్శనలు బాగుపడాలంటే కొత్త హంగులకన్నా ముందు ఆ మొదటి ఆచారం ఎలా పనిచేసిందో అర్థం చేసుకోవాలని నా వాదన.

మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ స్తూపంతో మొదలుపెడదాం. 1873లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ దాని శిథిలాలను వెలికితీశాడు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి ఆ స్తూపపు ప్రాకారం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉంది. ఆ రాళ్ల మీద చెక్కిన జాతక కథల దగ్గర, యక్షుల దగ్గర, సంఘటనల దగ్గర బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో పొట్టి పొట్టి రాతలు ఉన్నాయి. ఒక వృత్తంలో ఎద్దుల్ని విప్పిన బండి ఉంటుంది, మనుషులు నేలంతా నాణేలు పరుస్తుంటారు, ఒకాయన నీళ్ల పాత్ర పట్టుకుని దానం ధారపోస్తుంటాడు. నేలంతా కోట్ల ధనం పరిచి కొన్న జేతవనాన్ని అనాథపిండికుడు దానం చేస్తున్నాడని దాని రాత చెబుతుంది. గట్టిగా నాలుగైదు మాటలు. ఎవరు, ఏం చేస్తున్నారు, నేల మీద ఆ చతురస్రాలు ఏమిటి అనే మూడు ప్రశ్నలకూ అందులో జవాబుంది. బొమ్మలో కనిపిస్తున్న చెట్ల గురించి, బండి గురించి ఒక్క మాట లేదు, ఎందుకంటే అవి కనిపిస్తూనే ఉన్నాయి. చూపు దేన్ని సొంతంగా పట్టుకోలేదో దాన్ని మాత్రమే ఆ రాత అందించింది. పోస్టరు రాసే పని నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఇది ఒక్క భర్హుత్‌తో ఆగలేదు. కలబురగి జిల్లాలో భీమా నది ఒడ్డున, సన్నతి దగ్గరి కనగనహళ్లిలో 1990లలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపినప్పుడు బయటపడ్డ స్తూపం అమరావతి శిల్పానికి దగ్గరి చుట్టం. అక్కడ రాజు, రాణి, పరిచారికలు ఉన్న ఒక ఫలకం మీద అశోక మహారాజని పేరు చెక్కి ఉంది. శాతవాహన రాజు మహాచైత్యానికి వెండి పద్మాలు సమర్పిస్తున్నాడని మరో ఫలకం చెబుతుంది, పుళుమావి ఉజ్జయినిని ఇచ్చివేస్తున్నాడని ఇంకొకటి చెబుతుంది. ఆ రాత లేకపోతే మనకు కనిపించేది కిరీటం పెట్టుకున్న ఒక మనిషి మాత్రమే. తరవాతి కాలంలో ఇదే అలవాటు తెలుగులోకి వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల మీద రామాయణ ఘట్టాలు వరసలు వరసలుగా సాగుతుంటే, ఆ వరసల వెంబడే సన్నటి పట్టీల్లో తెలుగు రాత కథను చెప్పుకుంటూ పోతుంది. తమిళనాడులోని చెంగంలో వేణుగోపాల పార్థసారథి ఆలయపు నాయక కాలపు రామాయణ చిత్రాలకు కూడా తెలుగు రాతలున్నాయి. రాతి మీదైనా, గుడ్డ మీదైనా, గోడ మీదైనా సూత్రం ఒకటే. బొమ్మకు ఆనుకుని మాట ఉండాలి, చూసేవాళ్ల భాషలో ఉండాలి, బొమ్మ చెప్పలేనిది చెప్పాలి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు ఎందరు? ఆ రాతలు జనం చదవడానికేనని ఎలా చెప్పగలం? పైగా ప్రాచీన శాసనాలన్నీ చదివించడానికి రాసినవి కావు. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతు పేటికల మీద ఎంతో అమూల్యమైన రాతలున్నాయి. అవి స్తూపం కడుపులో, మనిషి కంటికి ఆనని చోట మూసిపెట్టినవి. అమరావతిలో వందల దానశాసనాలు పుణ్యం కోసం చెక్కించినవి, దారినపోయేవాళ్లకు ఏదో చెప్పాలని కాదు. ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ అది నా వాదనకు బలమే ఇస్తుంది. దాచిపెట్టిన రాత వేరు, పుణ్యం కోసం చెక్కిన రాత వేరు, చూపించడానికి రాసిన రాత వేరని పూర్వులకు తెలుసు. మూడింటికీ చోటు వేరు, మాటతీరు వేరు. ఇక చదువురాని వాళ్ల సంగతి. దానికి కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనాలు జవాబు చెబుతాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చదువుకున్నవాడికే కష్టమైన రాత అది. అయితే రజ్జుకుడనే అధికారి భేరి మోగించి జనపదానికి ఈ ఆజ్ఞ వినిపించాలని ఆ శాసనమే చెబుతుంది. కళింగలోని ధౌళి, జౌగడ శాసనాలు కూడా ఫలానా తిష్య నక్షత్ర దినాల్లో దీన్ని వినిపించాలనీ, మధ్యలో ఒక్కడే ఉన్నా అతనికీ వినిపించవచ్చనీ అంటాయి. అంటే ఆ రాత కోరుకున్నది చదివేవాడు ఒక్కడు, వినేవాళ్లు పదిమంది. చేర్యాల నకాషీ పటాలను విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లది కూడా ఇదే పద్ధతి. బొమ్మ ముందుంటుంది, చెప్పే గొంతు పక్కన ఉంటుంది.

ఈ సంగతి ఇవాళ్టి బోర్డుకు నేరుగా పనికొస్తుంది. మన మ్యూజియాలకు జనం ఒంటరిగా రారు. ఇంటిల్లిపాదీ వస్తారు, బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు బోర్డు చదివి నాయనమ్మకు చెబుతుంది. బోర్డు రాసేవాళ్లు ఈ మనవరాలిని, ఈ నాయనమ్మను కళ్ల ముందు పెట్టుకుని రాయాలి. గొంతెత్తి చదివితే నోరు తిరగని వాక్యం, వినగానే బుర్రకెక్కని వాక్యం అక్కడ ఉండకూడదు. "ఇక్ష్వాకుల కాలీన సున్నపురాతి అర్ధశిల్ప ఫలకము, క్రీ.శ. 3వ శతాబ్దము" అని చదివి ఆ పిల్ల నాయనమ్మకు ఏం చెప్పగలదు? "సుమారు 1700 ఏళ్ల కిందట విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల కాలంలో చెక్కిన రాయి ఇది" అంటే ఇద్దరికీ అందుతుంది. వాళ్లకు కావలసిన సమాచారం ఏమీ తగ్గలేదు.

భాష విషయంలోనూ పూర్వులు మనకన్నా పట్టింపుగా ఉన్నారు. శాసనాల్లో సంస్కృతం రాజ్యమేలుతున్న రోజుల్లో, క్రీ.శ. 575 ప్రాంతంలో, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంలో కడప జిల్లా కలమళ్ల శాసనం తెలుగులో వెలిసింది. అంతకన్నా ఆసక్తికరమైనది మోటుపల్లి. సముద్రం మీద వచ్చిపోయే వర్తకులకు భరోసా ఇస్తూ కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం నిలబెట్టాడు. తుపానుకు చిక్కి ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవారనీ, తాము మాత్రం సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ చెప్పి, ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకమని, ఆపైన గంధం, కర్పూరం, ముత్యాలు వంటి సరుకుల మీద ఎంతెంతో విడివిడిగా రాయించాడు. రేవులో దిగిన వర్తకుడికి కావలసింది ఏమిటో అదే అక్కడుంది. అదే మోటుపల్లిలో 1358లో అనవోతారెడ్డి వర్తకుల కోసం వేయించిన శాసనం సంస్కృతం, తెలుగు, తమిళం, మూడు భాషల్లో ఉంది. వచ్చేది ఎవరో తెలుసుకుని వాళ్ల భాషలో రాయించడమంటే ఇదే. మూడు భాషలు పెడితే బోర్డులో చోటు చాలదని వాదించేవాళ్లు ఈ రాతిని ఒకసారి తలుచుకోవాలి. చోటు చాలనప్పుడు తగ్గించవలసింది భాషల్ని కాదు, వాక్యాల్ని.

మరి ఈ తీగ ఎక్కడ తెగింది? అమరావతి కథలోనే జవాబుంది. 1798 ప్రాంతంలో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. 1858లో లినేయస్ ట్రైప్ వాటికి ఫొటోలు తీశాడు, మరుసటి ఏడాది అందులో చాలా భాగం లండన్‌కు ఓడెక్కింది. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఈ ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ రాయికి కావలసింది నంబరు, కొలత, దొరికిన చోటు, వర్ణన. అవి లేకపోతే రాళ్లు కలిసిపోయేవి, కథ పూర్తిగా చెడేది. జాబితా రాసినవాళ్లను నిందించడం నా ఉద్దేశం కాదు. వాళ్లు లేకపోతే మనకు అమరావతి గురించి తెలిసేదే తక్కువ. తప్పు జరిగింది తరవాత. జాబితాలోని వాక్యాన్నే తీసి గోడకు అంటించారు. మద్రాసు జనం ఆ మ్యూజియానికి తండోపతండాలుగా వెళ్లారు, దానికి చచ్చిన కాలేజీ అని, జంతుశాలకు బతికిన కాలేజీ అని పేర్లు కూడా పెట్టుకున్నారు. ఆసక్తికి కొదవ లేదు. వాళ్ల భాషలో, వాళ్లకు అందేలా చెప్పే మాటకే కొదవ. 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, శాస్త్రాలను తెలుగులో అచ్చువేసి పాఠకుల్ని సంపాదించుకుంటున్న కాలానికి కూడా మ్యూజియపు చీటీ ఇంగ్లీషు పండితుడితోనే మాట్లాడుతూ ఉండిపోయింది. తవ్వకాల చోట్ల దీనికి మరో పొర చేరింది. 1904 నాటి చట్టం, తరవాత 1958 నాటి చట్టం స్మారకాలను కాపాడాయి, మంచిదే. కానీ గేటు దగ్గర సందర్శకుణ్ని మొదట పలకరించేది ఆ చట్టపు నీలం బోర్డు. 2010 సవరణ తరవాత దాని మీద రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్న హెచ్చరిక చేరింది. హెచ్చరిక ఉండాల్సిందే. అయితే ఈ ఊరికి ఎందుకు వచ్చారో చెప్పే మాట దానికన్నా ముందు, దానికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

జాబితా వాక్యం ఎంత నష్టం చేస్తుందో చెన్నై మ్యూజియంలో ఉన్న అమరావతి నాళగిరి ఫలకం దగ్గర నిలబడితే తెలుస్తుంది. గుండ్రటి రాయి. ఒకవైపు మదపుటేనుగు మనిషిని తొండంతో పట్టి విసురుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు, మేడల మీది కిటికీల్లోంచి స్త్రీలు భయంగా చూస్తున్నారు. మరోవైపు ఒక ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఇక్కడ చూసేవాళ్లకు తెలియాల్సింది ఒకే ఒక సంగతి. రెండూ ఒకటే ఏనుగు. శిల్పి రెండు క్షణాల్ని ఒకే వృత్తంలో చెక్కాడు. ఆ మాట చెబితే ఎవరైనా సరే మిగతాదంతా సొంతంగా చదువుకుంటారు. "నాళగిరి దమనము, సున్నపురాయి, అమరావతి" అని ఆగిపోతే కథ తెలిసినవాళ్లకు అది అక్కర్లేదు, తెలియనివాళ్లకు అందదు. ఇలాంటిదే మరో రాయి. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో కనిపించే పూర్ణఘటం వంటి శిల్పమున్న అమరావతి ఫలకం ఒకటి, విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి ఇచ్చిన దానమని దాని శాసనమే చెబుతోంది. చెప్పులు కుట్టే వృత్తివాళ్లు మహాచైత్యానికి రాయి ఇవ్వగలిగిన సమాజం అది. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద లేకపోతే ఆ రాయి అందమైన కుండ బొమ్మగా మిగిలిపోతుంది, ఇచ్చినవాడు రెండోసారి మరుగునపడతాడు.

సులువుగా రాస్తే శాస్త్రం పలచబడుతుందని పండితులు భయపడతారు. ఆ భయం అర్థం లేనిది కాదు. పర్యాటక బోర్డుల మీద స్థలపురాణాన్ని, తవ్వకాల ఆధారాన్ని కలిపి ఒకే గొంతుతో చెప్పేయడం చూస్తూనే ఉన్నాం. కానీ అది తేలిక భాష వల్ల వచ్చిన తప్పు కాదు, ఆధారం లేకుండా రాయడం వల్ల వచ్చింది. బరువైన భాషలోనూ అంతే తప్పు రాయవచ్చు, పైగా అక్కడ ఎవరూ పట్టుకోలేరు. భర్హుత్ శిల్పులు రాసిన నాలుగు మాటలే 19వ శతాబ్దపు పండితులకు ఆ శిల్పాలను పాలీ జాతకాలతో జతచేసుకునే ఆధారమయ్యాయి. చిన్న రాత, కచ్చితమైన రాత రెండూ ఒకటి కావచ్చనడానికి అదే రుజువు. పండితులు ఏకాభిప్రాయానికి రానిచోట ఆ సంగతే చెప్పొచ్చు. "ఇతను రాజని కొందరు, దాత అని కొందరు అంటారు. మీరేమంటారు?" అని బోర్డు అడిగితే శాస్త్రానికి వచ్చే లోటు లేదు, చూసేవాళ్ల కళ్లు మళ్లీ రాయి మీదికి వెళతాయి.

అయితే పండితుడి జ్ఞానాన్ని గోడ మీది మాటగా మార్చడం దానంతటదే జరగదు, అది ఒక వృత్తి. 1925లో వియన్నాలో ఆటో నాయ్‌రాత్ సామాన్య జనం కోసం సామాజిక, ఆర్థిక మ్యూజియం పెట్టినప్పుడు ఈ పనికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలని గుర్తించాడు. లెక్కలు తెచ్చేవాళ్లు వేరు, బొమ్మలు గీసేవాళ్లు వేరు, ఆ రెంటి మధ్య నిలబడి ఏది చెప్పాలి, ఏది వదలాలి, ఏ వరసలో పెట్టాలి అని తేల్చే పని అతని బృందంలోని మారీ రైడమైస్టర్ చేసేది. గెర్డ్ ఆర్న్‌ట్స్ గీసిన సాదా బొమ్మలు ఆ నిర్ణయం తరవాతే వచ్చేవి. మన దగ్గర తవ్వకం నివేదిక రాసినాయనే బోర్డు రాస్తాడు, లేదా బోర్డు ముద్రించే గుత్తేదారే దాన్ని సర్దేస్తాడు. మధ్య మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. మన పోస్టర్లలో కనిపించే చాలా లోపాలు ఆ ఖాళీ నుంచే పుడుతున్నాయి.

ఆ ఖాళీ ఎంత పెద్దదో నాగార్జునకొండ చూపిస్తుంది. 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించిన ఆ లోయలో సాగర్ ఆనకట్ట కడుతున్నారని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో యుద్ధప్రాతిపదికన తవ్వకాలు జరిగాయి. తరవాత ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీటిలో మునిగింది. కొన్ని కట్టడాల్ని రాయి రాయిగా ఎత్తి కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. కొండ ద్వీపమైంది, 1966లో అక్కడ మ్యూజియం వచ్చింది. లాంచీలో అక్కడికి చేరే కుటుంబానికి అసలు స్థలం కనిపించదు, దాని మీద నీళ్లు కనిపిస్తాయి. కాబట్టి ఇక్కడ బోర్డు మామూలు చోట్లకన్నా ఎక్కువ బరువు మోయాలి. ఈ స్తూపం ఇక్కడ కట్టింది కాదు, లోయలోంచి తెచ్చి మళ్లీ పేర్చింది. అందులో పాతది ఇంతవరకు, కొత్తది ఇంతవరకు. మీరు దాటి వచ్చిన నీటి అడుగున స్నానఘట్టం, రాజప్రాసాదం, విహారాలు ఉండేవి. ఈ మూడు మాటలు మొదటి పోస్టరులో, ఒక పటంతో, ఒక మనిషి బొమ్మను కొలతగా పక్కన పెట్టి చెబితే మిగతా మ్యూజియమంతా దానంతటదే తెరుచుకుంటుంది. ఆనకట్ట కోసం ఏం పోగొట్టుకున్నామో దాచకుండా చెప్పడం కూడా ఆ బోర్డు బాధ్యతే.

ఇక తెలుగు అక్షరం సంగతి. ఒత్తులు పంక్తి కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు పంక్తికి సరిపోయిన ఎడం తెలుగుకు చాలదు. ముందు ఇంగ్లీషు నింపి, మిగిలిన చోట తెలుగును కుక్కితే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిలో చిక్కుకుంటుంది. ప, వ, మ, య వంటి అక్షరాలు దూరం నుంచి ఒకటిగా కనిపిస్తాయి. అందుకని తెలుగు పాఠాన్నే మొదట పేర్చాలి, పంక్తుల మధ్య గాలి ఆడనివ్వాలి, అలంకారపు అక్షరాలు శీర్షికకే పరిమితం చేయాలి. శిల్పం ఫొటో మీద తెల్ల అక్షరాలు అచ్చువేయడం మానాలి. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లకు, పిల్లలకు అందే ఎత్తులో బోర్డు ఉండాలి. చూపులేని వాళ్లకు బ్రెయిలీ రాతతో పాటు తడిమి చూసే నమూనా ఉండాలి. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో తెరిచిన 'అనుభవ్' గది అది సాధ్యమేనని చూపింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇది దయ కాదు, వాళ్ల హక్కు. క్యూఆర్ కోడ్ పెడితే ఫోనులో అన్నీ వస్తాయి కదా, బోర్డుతో పనేముందని ఇప్పుడు కొందరు అంటున్నారు. ఫోను ఒక్కరి చేతిలో ఉంటుంది, బోర్డు అందరి ముందూ ఉంటుంది. కొండ మీద సిగ్నల్ లేకపోయినా బోర్డు పనిచేస్తుంది. ఎక్కువ తెలుసుకోవాలనుకునే వాళ్లకు ఫోను ఎంతో మేలు, మొదటి మాట చెప్పడానికి మాత్రం అది బోర్డుకు బదులు కాదు.

తెలుగు నేల మీద జిల్లా మ్యూజియాలున్నాయి, బళ్లలో చరిత్ర ప్రదర్శనలు పెడుతున్నారు, ఊళ్లలో వీరగల్లులను, శాసనాలను కాపాడుకుంటున్న యువకులున్నారు. మీలో ఎవరైనా రేపు ఒక పోస్టరు అచ్చుకు ఇవ్వబోతుంటే, ముందు దాన్ని ఆ ఊరి బడిపిల్ల చేత గట్టిగా చదివించండి, చదువురాని పెద్దావిడను పక్కన కూర్చోబెట్టి ఏం అర్థమైందో అడగండి. ఆమె చెప్పలేని వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాయండి.